బొమ్మల తిరనాళ్లకు వంటింటి చక్రాలు

బొమ్మల కొలువులో మెట్ల మీది వరసలు పెద్దవాళ్లవి. దేవుళ్లు, దశావతారాలు, పెళ్లి బృందం ఎక్కడ కూర్చోవాలో ఏళ్లనాడే నిర్ణయమైపోయి ఉంటుంది. పిల్లల చేతికి చిక్కేది మెట్ల కింది నేల. కోస్తాలో ఎక్కువగా సంక్రాంతికి, రాయలసీమలోనూ తెలంగాణలో కొన్ని ఇళ్లలోనూ దసరాకు ఆ నేల మీద ఒక ఊరు వెలుస్తుంది. ఇసక పోసి, ముందుగానే మెంతులో ఆవాలో చల్లి మొలిపించిన చేలు, అద్దం ముక్క చెరువు, గుడి, గుడి ముందు తిరనాళ్ల. తిరనాళ్ల అన్నాక రంగులరాట్నం ఉండాలి, జెయింట్ వీల్ ఉండాలి. ఇప్పుడవి కదలని అట్టబొమ్మలుగానో, మీట నొక్కితే దీపాలు వెలిగి పాట పాడుతూ తిరిగే ప్లాస్టిక్ బొమ్మలుగానో వస్తున్నాయి. మరో దారి ఉంది. అటకెక్కిన వంటింటి పరికరాలను, పాతసామాన్ల కొట్లో చవగ్గా దొరికేవాటిని విప్పి, కలిపి, బొమ్మలు ఎక్కి తిరిగే ఆటయంత్రాలను ఇంట్లోనే చేసుకోవడం. దీన్ని సెలవుల కాలక్షేపమని తీసిపారేయకూడదు. యంత్రం ఎలా పనిచేస్తుందో పిల్లల కంటికీ చేతికీ తెలియజెప్పే చదువు ఇది. ఇల్లు, బడి, కొలువు పోటీలు పెట్టే సంఘాలు దీనికి చోటివ్వాలన్నది నా వాదన.

ముందు మన వంటిళ్లలో ఏముందో చూడాలి. బల్ల అంచుకు మరతో బిగించి, పిడి తిప్పుతూ కొబ్బరి కోరే పాత మిషన్‌ను తీసుకోండి. అందులో ఒక పిడి, ఒక ఇరుసు, ఆ ఇరుసు ఊగకుండా పట్టి ఉంచే గొట్టం, మొత్తాన్ని కదలనివ్వని బిగింపు ఉన్నాయి. కోరే పళ్ల ముక్కను పెద్దవాళ్లు విప్పి తీసేసి, దాని చోట ఒక చక్రం బిగిస్తే జెయింట్ వీల్‌కు గుండెకాయ లాంటి భాగం సిద్ధమైనట్టే. చేత్తో తిప్పి గుడ్లు గిలకొట్టే బీటర్ ఇంకా గొప్ప వస్తువు. దాని పెద్ద పళ్లచక్రం నిలువుగా తిరుగుతుంది. దానికి ఆనుకున్న రెండు చిన్న పళ్లచక్రాలు అడ్డంగా, ఒకదానికొకటి ఎదురుదిశలో తిరుగుతాయి. బీటర్‌ను తలకిందులుగా ఒక చెక్కకు బిగించి, పైకి లేచిన రెండు కాడల మీద రెండు పళ్లాలు నిలబెడితే ఒకే పిడితో రెండు రంగులరాట్నాలు తిరుగుతాయి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. తిరిగే దిశ మారడం, వేగం పెరగడం, ఒక కదలిక రెండుగా చీలడం అన్నీ అక్కడే కళ్లముందు జరుగుతాయి. నడుమ ఒక కడ్డీ చుట్టూ గుంటలున్న ఇడ్లీ రేకు చూడగానే అది రంగులరాట్నమని పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్కో గుంట ఒక్కో బొమ్మకు ఆసనం. లోతైన సాంబారు గరిటెను రెండు గుంజల మధ్య వేలాడదీస్తే అటూ ఇటూ ఊగే కొలంబస్ పడవ అవుతుంది. మర తిప్పుతూ పిండిని నొక్కే జంతికల గొట్టంలో ఆ మరే బొమ్మను మెల్లగా పైకెత్తే మెట్టు. తాడు లాగితే తిరిగి, వదిలితే లోపలి స్ప్రింగు తాడును మళ్లీ చుట్టుకునే కూరగాయల చాపర్‌లో, కత్తులు తీసేశాక, బొమ్మల కుర్చీలను గిర్రున తిప్పే యంత్రముంది. బిగువు పోయి పక్కన పడేసిన కుక్కర్ గాస్కెట్ ఒక చక్రం తిరుగుడును ఇంకో చక్రానికి అందించే బెల్టు అవుతుంది. ఇక తాడు చుట్టి చిలికే కవ్వం సంగతి వేరే చెప్పాలా? లాగుడును తిరుగుడుగా మార్చే యంత్రం అది, మన ఇళ్లలో తరతరాలుగా ఉంది.

ఈ సామాను విలువ వాటి లోహంలో లేదు, వాటి తెరిచిన స్వభావంలో ఉంది. చేత్తో తిప్పే పరికరం దేన్నీ దాచదు. పిడి దగ్గర మొదలైన కదలిక ఏ పంటిని తోస్తుందో, ఆ పన్ను దేన్ని తిప్పుతుందో చివరిదాకా చూపు వెంట పోవచ్చు. తిరగలి, కవ్వం, రుబ్బురోలు ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లలకు ఈ దృశ్యం వేరే పాఠంగా చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఇప్పటి పిల్లల చుట్టూ యంత్రాలు ఎక్కువ, కానీ అన్నీ డబ్బాలో మూసి ఉన్నవి. మిక్సీ, ఓవెన్, వాషింగ్ మెషీన్ మీటకూ ఫలితానికీ మధ్య జరిగేదంతా ప్లాస్టిక్ గోడ వెనకే జరుగుతుంది. ఆ గోడను తప్పుపట్టడం లేదు. వేళ్లు తెగకుండా, షాక్ కొట్టకుండా కాపాడేది అదే. పైగా మిక్సీ వచ్చి తగ్గించిన చాకిరీ ఎంతదో ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది. రుబ్బురోలు కాలం తిరిగి రావాలని కోరుకోవడం అన్యాయం. అయితే మూసిన యంత్రాలతోనే పెరిగిన పిల్లకు పుస్తకంలో పళ్లచక్రం బొమ్మ ఎదురైనప్పుడు, అది బొమ్మగానే మిగిలిపోతుంది. వంట నుంచి విశ్రాంతి తీసుకున్న ఆ పాత పరికరాలు ఇంకో పనికి, అంటే చూపించే పనికి, అప్పుడే బాగా ఉపయోగపడతాయి.

ఇలాంటి పని నేర్పగలదా అనే సందేహానికి మన దేశంలోనే గట్టి జవాబుంది. కాన్పూర్ ఐఐటీలో చదివి, పూనాలో లారీల కర్మాగారంలో ఇంజినీరుగా చేసిన అరవింద్ గుప్తా 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమానికి వెళ్లారు. అక్కడి పల్లె బడుల్లో ప్రయోగశాలలు లేవు. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి ఆయన రేఖాగణితం నేర్పారు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు పారేసిన వస్తువులతోనే వందల విజ్ఞాన బొమ్మలు రూపొందించారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. మరో దేశంలో, మరో కాలంలో అలెగ్జాండర్ కాల్డర్ అనే అమెరికన్ శిల్పి 1926 నుంచి 1931 దాకా పారిస్‌లో తీగ, బిరడాలు, గుడ్డపేలికలు, గుండీలతో చిన్న సర్కస్ కట్టాడు. స్వయంగా చేత్తో ఆడించి చూపేవాడు, సూట్‌కేసుల్లో సర్దుకుని ఊళ్లు తిరిగేవాడు. కాల్డర్ మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాడు. తర్వాతి రోజుల్లో ప్రపంచానికి ఆయన ఇచ్చిన కదిలే శిల్పాలకు ఈ సర్కస్ తొలి అభ్యాసం. ఒకరు బడి కోసం, ఒకరు కళ కోసం చేశారు. ఇద్దరూ పనికిరాదనుకున్న వస్తువును చేతిలోకి తీసుకుని, ఇది ఎలా కదులుతుంది అని అడిగినవాళ్లే.

కొనుక్కొచ్చిన బొమ్మ కన్నా చేసుకున్న ఆటయంత్రం ఎందుకు ఎక్కువ నేర్పుతుందంటే, అది మొదటిసారి సరిగా పనిచేయదు కాబట్టి. పెద్ద యంత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా కుదిస్తే ప్రకృతి ఒప్పుకోదు. గొలుసులకు కుర్చీలు వేలాడే రంగులరాట్నాన్ని తీసుకుందాం. కేంద్రం నుంచి 5 మీటర్ల దూరాన తిరుగుతున్న కుర్చీ 45 డిగ్రీల వాలు తీసుకోవాలంటే రాట్నం నిమిషానికి సుమారు 13 చుట్లు తిరిగితే చాలు. బొమ్మ రాట్నంలో ఆ దూరం 20 సెంటీమీటర్లే అయితే అదే వాలుకు నిమిషానికి 67 చుట్లు కావాలి. కొలత 25 రెట్లు తగ్గితే వేగం 5 రెట్లు పెరగాలన్నమాట. ఇప్పుడు బీటర్‌లో పెద్ద చక్రానికి 60 పళ్లు, చిన్నదానికి 12 పళ్లు ఉన్నాయనుకోండి, పిడి ఒక్కసారి తిరిగితే రాట్నం ఐదుసార్లు తిరుగుతుంది. నిమిషానికి 13 సార్లు తిప్పితే బొమ్మలు అచ్చంగా తిరనాళ్లలో మనుషుల్లాగే వాలి ఎగురుతాయి. మిక్సీ మోటారు దీనికి ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. దాని వేగం నిమిషానికి దాదాపు 18 వేల చుట్లు. బొమ్మ కుర్చీలో నిలవదు, కుర్చీ గొలుసుకు నిలవదు. పాఠ్యపుస్తకంలో సూత్రంగా కనిపించేది ఇక్కడ పిడి పట్టుకున్న చేతికి తెలుస్తుంది.

జెయింట్ వీల్‌లో ఇంకో చిక్కు ఎదురవుతుంది. నిజమైన చక్రంలో తొట్టె బరువే దాన్ని ఎప్పుడూ నిటారుగా ఉంచుతుంది. బొమ్మ తొట్టె తేలిక. దాన్ని వేలాడదీసిన తీగ మాత్రం ఆ కొలతకు తగినంత సన్నగా ఉండదు. అందువల్ల రాపిడిది పైచేయి అవుతుంది, తొట్టె చక్రంతో పాటే తలకిందులవుతుంది, బొమ్మ కింద పడుతుంది. తీగ సన్నబడాలి, లేదా తొట్టె అడుగున ఒక నట్టు అంటించి బరువు కిందికి దించాలి, లేదా వేలాడే చోటును ఇంకా పైకి జరపాలి. ఏది చేసినా ఆ పిల్ల గరిమనాభి అనే మాట వినకముందే దానితో కుస్తీ పట్టినట్టే. నూనె చుక్క కూడా వేయాలి, కానీ కొబ్బరినూనె కాదు. 24 డిగ్రీల దగ్గర పేరుకునే కొబ్బరినూనె సంక్రాంతి చలిలో ఇరుసును పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె మేలు.

జెయింట్ వీల్ చరిత్రే ఈ పనికి పెద్ద పాఠం. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు జార్జ్ ఫెరిస్ కట్టిన మొదటి భారీ చక్రం ఎత్తు 264 అడుగులు. 36 పెట్టెలు, ఒక్కోదానిలో 60 మంది. ఆయన వంతెనల ఇంజినీరు. అంత చక్రాన్ని దుంగల్లాంటి దూలాలతో కట్టకుండా, సైకిల్ చక్రంలాగా బిగుతుగా లాగిన సన్నని కడ్డీలతో నిలబెట్టాడు. అంచును ఇరుసు నుంచి తోసే కమ్మీలు కావవి, అంచును ఇరుసు వైపు లాగి పట్టే కమ్మీలు. దీన్ని ఇంట్లో రుజువు చేయడానికి చిరిగిన జల్లెడ చాలు. జాలీ తీసేసి, గుండ్రటి అంచు నుంచి నడిమి దారపు ఉండకు బలమైన దారాలు అన్ని వైపులా సమంగా బిగిస్తే, ఒక్క పుల్ల కూడా లేకుండా చక్రం నిలుస్తుంది. ఒక దారం వదులైతే చక్రం ఎటు వంగుతుందో వెంటనే కనిపిస్తుంది. మన తిరనాళ్లలో మోటారు లేని చిన్న జెయింట్ వీళ్లను మనుషులు చేతులతో తోసి, చట్రం మీదికెక్కి తమ ఒంటి బరువుతో తిప్పేవారు. చక్రంలో ఒక పక్క బరువు పెరిగితే ఏమవుతుందో వాళ్ల ఒంటికి తెలుసు. బొమ్మల చక్రంలో ఒక తొట్టెలో బరువు బొమ్మను, ఎదుటి తొట్టెలో తేలిక బొమ్మను పెట్టిన పిల్లకు అదే తెలివి దొరుకుతుంది.

అభ్యంతరాల్లో మొదటిది, న్యాయమైనది ప్రమాదం. పాత పరికరాల్లో కత్తులు, తుప్పు అంచులు, విద్యుత్తు ఉంటాయి. ఇక్కడ రాజీ అక్కర్లేదు. గోడ ప్లగ్గుకు తగిలించే ఏ వస్తువూ పిల్లల చేతికి రాకూడదు, విప్పడానికీ వద్దు. మైక్రోవేవ్ ఓవెన్ మరీ ప్రమాదం. లోపలి పళ్లెం తిప్పే చిన్న మోటారు నిమిషానికి ఐదారు చుట్లే తిరుగుతుంది, జెయింట్ వీల్‌కు సరిగ్గా సరిపోయేలా కనిపిస్తుంది. దానికోసం డబ్బా తెరిచేవాళ్లూ ఉన్నారు. ప్లగ్గు తీశాక కూడా అందులోని కెపాసిటర్‌లో ప్రాణం తీయగల విద్యుత్తు నిలిచి ఉంటుంది, కాబట్టి ఆ ఆలోచనే మానుకోవాలి. చేత్తో తిప్పేవే తీసుకోవాలి, మరీ కావాలంటే పెన్‌టార్చి సెల్లులతో తిరిగే బొమ్మ మోటారు. కత్తులు, కోరే పళ్లు తీసే పని పెద్దవాళ్లది. రంగు పెచ్చులూడుతున్న పాత సామానులో సీసం ఉండొచ్చు, దాన్ని పక్కన పెట్టేయాలి. ఈ హద్దులు పెట్టుకున్నాక మిగిలే సామానుతోనే పైన చెప్పిన యంత్రాలన్నీ తయారవుతాయి. అందుకే ప్రమాదం ఉందన్న మాట ఈ పనిని ఆపడానికి కారణం కాదు, ఏ వస్తువు ఎంచుకోవాలో చెప్పే నియమం.

రెండో అభ్యంతరం చెత్త గురించి, దాన్ని నేను చాలావరకు ఒప్పుకుంటాను. దీన్ని పర్యావరణ సేవగా ప్రచారం చేయడం తప్పు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కల ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన విద్యుత్ పరికరాల బరువు 6 కోట్ల 20 లక్షల టన్నులు, అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసింది 22.3 శాతమే. అలాంటి గుట్టను బొమ్మల రాట్నాలు కదిలించలేవు. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. అది అక్కడే ఉండాలి, పిల్లల క్రాఫ్ట్ పీరియడ్ మీద పడకూడదు. చేత్తో తిప్పే ఇనప, స్టీలు, అల్యూమినియం సామానుకైతే పాత ఇనుము కొనే బండివాళ్లు ఎప్పటినుంచో చక్కటి దారి చూపుతున్నారు. ఆ లోహం వృథా కావడం లేదు. కరిగించినప్పుడు లోహం మిగులుతుంది, పోయేది రూపం. పళ్లచక్రం, మర, ఇరుసు ఎవరో ఆలోచించి తీర్చిన రూపాలు. వాటిని ఒకసారి విప్పి చూసి, ఆడించి, ఆ తర్వాత బండివాడికి ఇచ్చినా అతనికి రావలసిన బరువు తగ్గదు. అలాగే ముత్తవ్వల నాటి ఇత్తడి సామానుకు రంధ్రాలు పెట్టమని ఎవరూ అనకూడదు. కోయకుండా, కరిగించకుండా, బోల్టులతోనూ తాళ్లతోనూ కట్టి, మళ్లీ విప్పి యథాస్థితికి తేగలిగేలా చేయడమే ఈ పనిలో మంచి పద్ధతి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలాంటి చోట్ల చవగ్గా దొరికే సామాను ఉండగా అమ్మమ్మ పెట్టె జోలికి పోనక్కర్లేదు.

ఇంట్లోనే అన్నీ చేసుకుంటే బొమ్మల కళాకారులు ఏమైపోవాలని అడిగేవాళ్లున్నారు. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ పేర్లు ఎత్తగానే ఈ ప్రశ్న బరువెక్కుతుంది. కానీ ఇక్కడ చేస్తున్నది రాట్నం, బొమ్మ కాదు. రాట్నం ఎక్కడానికి బొమ్మ కావాలి, అదీ తేలికైన బొమ్మ. మట్టిబొమ్మ, పింగాణీ బొమ్మ చిన్న ఇరుసును వంచేస్తాయి. తెల్ల పొణికి కర్రతో చెక్కిన కొండపల్లి బొమ్మ చేతిలో బరువే తెలియదు. ఆ కర్ర అంత మెత్తన, అంత తేలిక. అంకుడు కర్రను తరిమెన పట్టి లక్క పూసే ఏటికొప్పాక పనివారు గుండ్రటి వస్తువులో సిద్ధహస్తులు. చిన్న చక్రం, కప్పీ, నడిమి ఉండ కొలత చెబితే వాళ్లంత నున్నగా ఎవరూ తీయలేరు. ఆ కళకు సహజరంగులతో కొత్త ఊపిరి పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో కదిలే తిరనాళ్ల ఉంటే ఈ ఊళ్ల నుంచి రాట్నమెక్కే బొమ్మలు, విడి చక్రాలు కొనే కారణం ఒకటి పెరుగుతుంది. కళాకారుడికి నష్టం చేస్తున్నది పాత బీటర్ కాదు, అన్నీ ఒకే డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ బొమ్మ.

బజారులో ఇంజినీరింగ్ కిట్లు దొరుకుతుంటే ఈ తంటా ఎందుకన్న ప్రశ్నకు ఖరీదు ఒక జవాబు. అంతకన్నా ముఖ్యమైనది, కిట్‌లో ప్రతి రంధ్రం ఇంకో రంధ్రానికి ముందే సరిపోయి ఉంటుంది. ఇడ్లీ రేకు నడిమి రంధ్రానికి బీటర్ కాడ సరిపోదు. మధ్యలో ఏం పెట్టాలో ఆలోచించడమే అసలు పని, కిట్ ఆ పనిని పిల్లల చేతిలోంచి లాగేసుకుంటుంది. తీరిక విషయానికొస్తే, 2020 జాతీయ విద్యావిధానం పిల్లలు 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడైనా ఒక 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా బడికి వచ్చి స్థానిక చేతివృత్తులు, పనులు నేర్చుకోవాలని చెప్పింది. ఆ రోజుల్ని ఎలా నింపాలో తెలియని బడులకు ఒక ట్రంకుపెట్టె నిండా పాత పరికరాలు, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఊళ్లోని సైకిల్ మెకానిక్ చాలు.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా పట్టింపు ఉన్నది ఇంకోచోట. కొలువు ఆడపిల్లల పండుగగా, స్క్రూడ్రైవర్ మగపిల్లల వస్తువుగా ఇళ్లలో ఇంకా చలామణీ అవుతున్నాయి. వంటింటి యంత్రాల లోతుపాతులు తెలిసింది మాత్రం ఆడవాళ్లకే. జంతికల గొట్టం మర ఎక్కడ పట్టేస్తుందో, కుక్కర్ గాస్కెట్ ఎప్పుడు సాగుతుందో, తిరగలి నడిమి మేకు ఎంత అరిగితే పిండి బరకగా వస్తుందో వాళ్లకు తెలుసు. అది యంత్రజ్ఞానం, ఎవరూ ఆ పేరుతో లెక్కపెట్టలేదు. కొలువు ముందు కూర్చుని మనవరాలు విప్పుతుంటే అమ్మమ్మ చెప్పే మాటలు ఆ జ్ఞానానికి మొదటిసారి పాఠం హోదా ఇస్తాయి. దేవుడి మెట్ల దగ్గర వాడేసిన వంటసామాను ఏమిటని సంకోచించే పెద్దలకు ఆయుధపూజను గుర్తు చేయాలి. దసరాల్లో రోలుకు, కత్తిపీటకు, కొడవలికి, కుట్టుమిషన్‌కు పసుపు కుంకుమ పెట్టే సంప్రదాయం మనది. కడిగి శుభ్రం చేసిన జల్లెడ ఆ మెట్ల కింద నిలవడానికి అర్హత ఉన్నదే.

కొలువు పోటీలు నడిపే సంఘాలు ఈ ఏడాదే ఒక మార్పు చేయవచ్చు. బొమ్మల సంఖ్యకు, మెట్ల అలంకారానికి ఇచ్చే బహుమతుల పక్కన కదిలే తిరనాళ్లకు ఒక బహుమతి పెట్టాలి. నియమాలు కొన్నే ఉండాలి: ప్లగ్గు ఉండకూడదు, కనీసం ఒక భాగమైనా వంటింటి నుంచో పాతసామాన్ల కొట్టు నుంచో రావాలి, దాన్ని చేసిన పిల్లే పిడి తిప్పి ఏది దేన్ని తిప్పుతోందో చెప్పాలి. రాట్నం మధ్యలో ఆగిపోతే మార్కులు తీయకూడదు, ఎందుకు ఆగిందో చెప్పగలిగితే ఎక్కువ ఇవ్వాలి. అమెరికాలో దసరా కొలువు తీర్చే తెలుగు కుటుంబాలకు ఇది ఇంకా సులువు. అక్కడి పాతవస్తువుల దుకాణాల్లో చేతి బీటర్లు, ఆకుకూరల నీళ్లు పిండే బుట్టలు, పిడి తిప్పి యాపిల్ తొక్క తీసే యంత్రాలు తరచూ దొరుకుతాయి. ఇక్కడి నుంచి కొండపల్లి బొమ్మలు వెళ్తే చాలు, అవి ఎక్కాల్సిన రాట్నం అక్కడి పిల్లలు కట్టుకుంటారు.